బ్లాగ్‌కి ఏ నిచ్ తీసుకోవాలి? ఇష్టమైందా, డబ్బొచ్చేదా?

లెక్కల_మనిషి
అందరికీ నమస్తే. బ్లాగ్ పెడదామని ఎప్పటి నుంచో అనుకుంటున్నా, తీరా డొమైన్ కొనే దాకా వచ్చి నిచ్ దగ్గర, అంటే ఏ విషయం మీద రాయాలి అన్న దగ్గర, ఆగిపోయాను. ఒకళ్ళేమో ఇన్సూరెన్స్, లోన్లు, క్రెడిట్ కార్డులు రాయమంటారు, సీపీసీ (యాడ్ మీద ఒక్కో క్లిక్కుకి కట్టే రేటు) ఎక్కువట. ఇంకొకళ్ళు నీకిష్టమైంది రాసుకో, డబ్బు దానంతటదే వస్తుంది అంటారు. నాకు బాగా తెలిసినవి రెండే: ఉద్యోగంలో రోజంతా ఎక్సెల్, ఇంటికొచ్చాక అక్వేరియం. ఇన్సూరెన్స్ గురించి ప్రీమియం కట్టే తేదీ తప్ప ఏమీ తెలీదు. ఈ మూడింట్లో ఏది నయం? ఊరికే సరదాకి కాదండీ, ఎంతో కొంత ఆదాయం రావాలి. అనుభవం ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకాపు
ఇన్సూరెన్స్ జోలికి పోకండి. సీపీసీ ఎక్కువన్న మాట నిజమే, కానీ అది ఆ కంపెనీలు యాడ్ కోసం కట్టడానికి సిద్ధపడే రేటు, మీ జేబులోకి వచ్చేది కాదు. పైగా మొదటి పేజీ నిండా పెద్ద పోలిక సైట్లు, బ్యాంకులే ఉంటాయి, వాళ్ళని దాటి కొత్త బ్లాగ్ పైకి రావడం మాటలు కాదు. డబ్బు, ఆరోగ్యం లాంటి విషయాల్ని గూగుల్ తన క్వాలిటీ రేటర్ల (సెర్చ్ ఫలితాలు ఎలా ఉన్నాయో చూసి మార్కులేసేవాళ్ళ) గైడ్‌లైన్స్‌లో 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్' అని వేరు చేసింది, అక్కడ రాసిందెవరు, వాళ్ళకేం తెలుసు అన్నది గట్టిగా చూడమంటుంది. 2018 ఆగస్టులో వచ్చిన గూగుల్ సెర్చ్ అప్‌డేట్‌ని మనవాళ్ళంతా 'మెడిక్ అప్‌డేట్' అని ఎందుకన్నారో తెలుసుగా, ఆరోగ్యం సైట్లు చాలా వాటికి అప్పుడే గండి పడింది. తెలీని సబ్జెక్ట్‌లో పదిమంది రాసింది చదివి పదకొండోది మీరు రాస్తే చదివేవాడికి ఒరిగేదేంటి?

అర్ధరాత్రి_టైపిస్ట్
పాతకాపు గారికి ప్లస్ వన్. 2022 డిసెంబరులో అదే గైడ్‌లైన్స్‌లో 'ఎక్స్‌పీరియన్స్' అన్న మాట కూడా చేర్చారు, అంటే రాసినవాడు స్వయంగా చేశాడా, వాడాడా అని.

కీవర్డ్_కృష్ణ
సీపీసీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, కొత్తవాళ్ళు దాదాపు అందరూ బోల్తా పడేది ఇక్కడే. గూగుల్ కీవర్డ్ ప్లానర్ (జనం ఏ మాటలు వెతుకుతున్నారో చూపే టూల్) తెరిస్తే 'కాంపిటీషన్' అని ఒక కాలమ్ ఉంటుంది, అందులో 'లో' అని కనబడగానే ఆహా దీనికి సులువుగా ర్యాంక్ వస్తుంది అనేసుకుంటారు. ఆ కాలమ్‌కీ మీ ర్యాంక్‌కీ సంబంధమే లేదు. ఆ కీవర్డ్ మీద యాడ్ వేసేవాళ్ళ మధ్య పోటీ ఎంత ఉందో చెప్పేది అది, ఎందుకంటే ఆ టూల్ చేసిందే యాడ్లు వేసేవాళ్ళ కోసం. అంటే 'లో' అని ఉండటం ఒక్కోసారి చెడ్డ కబురు కూడా, అది వెతికేవాడికి ఏదైనా అమ్ముదామని పెద్దగా ఎవరూ పోటీ పడటం లేదన్నమాట.

పక్కన 'టాప్ ఆఫ్ పేజ్ బిడ్' (పేజీ పైన యాడ్ కనబడటానికి కట్టే రేటు) అని రెండు కాలమ్స్ ఉంటాయి, ఒకటి తక్కువ రేటు, ఒకటి ఎక్కువ రేటు. నేను చూసేది అవే. అంకె పెద్దదా చిన్నదా అని కాదు, అసలు అంకె ఉందా లేక ఖాళీయా అని. ఖాళీ అయితే ఆ కీవర్డ్‌కి జనం ఎంత వచ్చినా దాని నుంచి డబ్బు ఆశించను. అంకె ఉంటే అప్పుడు ఇన్‌కాగ్నిటోలో అదే మాట టైప్ చేసి మొదటి పేజీ చూస్తాను. అక్కడ ఫోరం పోస్టులు, ఎప్పుడో రాసి వదిలేసిన పేజీలు, ప్రశ్నకి సగమే జవాబు చెప్పినవి కనబడితే చోటు ఉన్నట్టే. అన్నీ పెద్ద బ్రాండ్లే అయితే ఇంకో కీవర్డ్ చూసుకోవడమే.

లెక్కల_మనిషి
నిన్న నేను చేసింది అచ్చం అదే, 'లో' ఉన్నవన్నీ ఏరి షీట్‌లో పెట్టుకున్నా 😅 సరే, ఇన్సూరెన్స్ కొట్టేశాను. ఎక్సెల్, చేపలు మిగిలాయి.

ఫార్ములా_బార్
నాది స్ప్రెడ్‌షీట్ల సైటే, కాబట్టి ఎక్సెల్ సంగతి నేను చెప్తాను. జనం వస్తారు, అందులో డౌట్ లేదు. నా సైట్‌లో ఎక్కువమంది చదివే పేజీ ఏంటంటే, విలువ కళ్ళ ముందే ఉన్నా దాన్ని వెతికిపెట్టే వీలుకప్ ఫార్ములా 'దొరకలేదు' అనే ఎన్ఏ ఎర్రర్ చూపిస్తోంది ఎందుకు అన్నది. జవాబు రెండు ముక్కలు, ఒకవైపు సెల్ చివర కనబడని స్పేస్ ఉంటుంది, ట్రిమ్ ఫంక్షన్ వాడితే పోతుంది, లేదంటే ఒక కాలమ్‌లో నంబరు టెక్స్ట్‌గా పడి ఉంటుంది. ఇప్పుడు ఆ మనిషి స్థానంలో మీరుండి ఆలోచించండి. మేనేజర్ రిపోర్ట్ కోసం కూర్చుని ఉన్నాడు, టెన్షన్‌లో మీ పేజీకొచ్చాడు, ట్రిమ్ కాపీ చేసుకున్నాడు, ట్యాబ్ మూసేశాడు. కొనడానికి అతనికి ఏమీ అవసరం లేదు, యాడ్ వైపు కన్నెత్తి కూడా చూడడు. ట్రాఫిక్ గ్రాఫ్ చూస్తే కడుపు నిండుతుంది, ఆదాయం గ్రాఫ్ చూస్తే నీరసం వస్తుంది.

పరిస్థితి మారింది ఎక్కడంటే, ఫార్ములాల పేజీలు తగ్గించి చిన్న వ్యాపారాలవాళ్ళ కోసం రాయడం మొదలుపెట్టాక. స్టాక్ రిజిస్టర్, ఎవరెంత బాకీ, నెలవారీ ఖర్చు లాంటివి ఎలా తయారు చేసుకోవాలో పూర్తిగా ఉచితంగా రాసి, అదే రెడీమేడ్ టెంప్లేట్ కావాలంటే కొనుక్కోమని కింద పెట్టాను. వచ్చే జనం ఫార్ములా పేజీతో పోలిస్తే చాలా తక్కువ, డబ్బు మాత్రం దాదాపు అంతా ఇక్కడి నుంచే. కాబట్టి 'ఎక్సెల్' అన్నది నిచ్ కాదు నా దృష్టిలో. ఎక్సెల్‌తో ఎవరి ఏ పని తీరుస్తారు అన్నది నిచ్.

గుంపులో_గోవిందయ్య
ఈ రోజుల్లో ఇంకా బ్లాగులా బాబూ? 2024 మే నుంచి గూగులే పైన ఏఐతో జవాబు చెప్పేస్తోంది, కింద మీ లింక్ ఎవడు నొక్కుతాడు.

ఫార్ములా_బార్
గోవిందయ్య గారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ట్రిమ్ వాడు అనే రెండు ముక్కల జవాబు ఏఐ ఇచ్చేస్తుంది, ఆ పేజీకి నాకు క్లిక్కులు తగ్గాయి కూడా. టెంప్లేట్ కొనేవాళ్ళు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది జవాబు కాదు, తయారైన వస్తువు. కాబట్టి నిచ్ ఎంచుకునేటప్పుడు ఇది కూడా ఒక పరీక్ష పెట్టుకోండి: అందులో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క వాక్యంతో తేలిపోయేవైతే వదిలేయండి.

చేపల_తొట్టి
అక్వేరియం పేరు కనబడగానే లాగిన్ అయ్యాను, చదివి వెళ్ళిపోయే రకాన్ని మామూలుగా 🙂

మీరు చేపలు పెంచుతారు కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. కొత్తగా తొట్టి కొన్నవాడు నీళ్ళు పోసి, మర్నాడే చేపలు వేసేస్తాడు. కొద్ది రోజులకి నీళ్ళు తెల్లగా మసకబారతాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి, ఒకటి పోతుంది. అప్పుడు ఫోన్ తీసి వెతుకుతాడు. ఎవడో నీళ్ళన్నీ మార్చి ఫిల్టర్ స్పాంజ్ శుభ్రంగా కడగమంటాడు, ఇతను క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళ కింద కడిగేస్తాడు, అమ్మోనియాని తినే బ్యాక్టీరియా అప్పుడప్పుడే స్పాంజ్‌లో కుదురుకుంటుంటే అదీ పోతుంది. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారే ఈ సైకిల్ నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇది ఓపిగ్గా, ఫోటోలతో చెప్పేవాళ్ళు తక్కువ. నేను అమ్మోనియా చూసే టెస్ట్ ట్యూబ్‌లో రంగు పసుపు నుంచి పచ్చకి ఎలా తిరిగిందో కొన్ని రోజులకోసారి ఒకే వెలుతురులో తీసిన ఫోటోలు పెట్టాను, ఆ పేజీ ఇప్పటికీ నిలబడి ఉంది.

డబ్బు ఎక్కడంటారా. ఆ మనిషికి ఇప్పుడు టెస్ట్ కిట్ కావాలి, నీటిలో క్లోరిన్ పోగొట్టే కండిషనర్ కావాలి, చాలాసార్లు పెద్ద ఫిల్టర్ కూడా కావాలి. ఆరు నెలలు పోయాక మొక్కలు పెడదామంటాడు, అప్పుడు లైటు, మట్టి, ఎరువు. ఆ తర్వాత ఇంకా పెద్ద తొట్టి. ఈ సరదా ఉన్నవాళ్ళు కొనడం ఆపరు, మీకూ తెలిసే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి చెప్పని బిల్లులు అందరికీ ఉంటాయి.

కీవర్డ్_కృష్ణ
ఆ చివరి మాట మీద ఒక వాల్‌పేపర్ చేయించొచ్చు 😂

పాతకాపు
అఫిలియేట్ (మీ లింక్ నొక్కి ఎవరైనా కొంటే వచ్చే కమీషన్) మీదే మొత్తం ఆశ పెట్టుకోకండి లెక్కల_మనిషి గారూ. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కమీషన్లు తగ్గించినప్పుడు ఫర్నిచర్ కేటగిరీ 8 శాతం నుంచి 3కి పడింది, గ్రాసరీ 5 నుంచి 1కి. అంతే జనం, అంతే అమ్మకాలు, ఆదాయం మాత్రం సగం కన్నా తక్కువ. అలాగే మన సైట్‌లో యాడ్లు చూపించే గూగుల్ యాడ్‌సెన్స్ కూడా 2024లో క్లిక్కుకి కాకుండా యాడ్ కనబడినన్ని సార్లకి చెల్లించే పద్ధతికి మారింది, కాబట్టి 'క్లిక్కుకి ఇంత' అని చెప్పే పాత లెక్కలు పట్టుకుని కూర్చోకండి. యాడ్ రేట్లు ఏడాది చివర పండగ అమ్మకాలప్పుడు పెరిగి జనవరి రాగానే పడతాయి, డిసెంబరు చూసి ఉద్యోగం మానేద్దామనుకునేవాళ్ళు ఫిబ్రవరి దాకా ఆగడం మంచిది. ఒకే నిచ్‌లో యాడ్లు, అఫిలియేట్, సొంత వస్తువు మూడిటికీ చోటుందా అని ముందే చూసుకోండి.

అర్ధరాత్రి_టైపిస్ట్
నాదొక భిన్నాభిప్రాయం. అందరూ ఏం కొంటారు, ఎంత కమీషన్ అనే మాట్లాడుతున్నారు, మొదటి ఏడాది దాదాపు రూపాయి రాకుండా రాయాలి అన్నది ఎవరూ చెప్పట్లేదు. డబ్బు కోసం ఎంచుకున్న నిచ్‌లో జనం లేకుండా ఇరవయ్యో పోస్ట్ రాయడం ఎంత చిరాకో నాకు తెలుసు. అందుకే నేను ఎవరడిగినా ఒకటే చెప్తాను, డొమైన్ కొనకముందే ఒక కాగితం తీసుకుని గూగుల్ చూడకుండా ముప్పై టైటిల్స్ రాయండి, మీకు సొంతంగా చెప్పడానికి ఏదైనా ఉన్నవే. పన్నెండు దగ్గర పెన్ను ఆగిపోతే అది మీ నిచ్ కాదు, సీపీసీ ఎంతున్నా సరే.

గుంపులో_గోవిందయ్య
ఇది మాత్రం ఒప్పుకుంటా.

లెక్కల_మనిషి
ఇప్పుడే రాసి చూశాను. ఎక్సెల్‌వి ముప్పై దాటాయి కానీ చదువుతుంటే నాకే ఆవలింత వచ్చింది, సగం పైన ఒక్క వాక్యంతో తేలిపోయేవే. చేపలవి ఇరవై ఆరు దగ్గర ఆగాయి, కానీ వాటిలో చాలా భాగం చిన్న తొట్ల గురించే ఉన్నాయి, ఎందుకంటే నాకున్నది ఇరవై లీటర్లదే, చోటు లేక. మొత్తం అక్వేరియం కాకుండా చిన్న తొట్లే నిచ్ అనుకుంటే మరీ ఇరుకవుతుందా? 'చిన్న తొట్టి' అనే అర్థం వచ్చేలా డొమైన్ తీసుకోవచ్చా?

చేపల_తొట్టి
ఇరుకేం కాదు. పెద్ద సైట్లు చిన్న తొట్టిని ఒక్క పేజీలో తేల్చేస్తాయి, పైగా నీళ్ళు తక్కువ కాబట్టి సమస్యలు త్వరగా ముదురుతాయి, వెతికేవాళ్ళు ఎక్కువ. ఫిల్టర్ దొరక్క, సరిపోయే హీటర్ దొరక్క ఏది కొనాలో తెలీని వాళ్ళే అంతా. ఆ ఇరవై ఆరులో కొనే ముందు వచ్చే ప్రశ్నలు ఎన్ని, సమస్య వచ్చాక అడిగేవి ఎన్ని అని విడదీయండి, రెండూ ఉండాలి.

కీవర్డ్_కృష్ణ
రాసేది చిన్న తొట్ల గురించి రాయండి, డొమైన్‌లో మాత్రం 'చిన్న' పెట్టకండి. రేపు మొక్కల వైపో పెద్ద తొట్ల వైపో వెళ్ళాలంటే ఆ పేరే కాలికి అడ్డం పడుతుంది. చేపలో నీళ్ళో తగిలేలా ఏదైనా పొట్టి పేరు చూడండి, అదే పేరు ఇంతకు ముందు ఎవరైనా వాడి వదిలేశారేమో పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఒకసారి వెతికి మరీ కొనండి, అందులో ఏ చెత్త నడిచిందో మనకి తెలీదు కదా.

లెక్కల_మనిషి
అది నాకు తట్టలేదు, థాంక్సండీ. రెండు పేర్లు అనుకున్నా, ఇవ్వాళ రాత్రే చూస్తాను. ఆ ఇరవై ఆరు విడదీసిన షీట్ కూడా ఇక్కడే పెడతా, తిట్టాలనుకున్నవాళ్ళు అప్పుడు తిట్టండి.