సమస్యాపూరణం: “విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్”

నిర్వహణ

చెన్నై పద్యమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య జేమ్స్ బాండ్ చిత్రాల మీద. 1962 నాటి డాక్టర్ నో మొదలు దాదాపు ప్రతి బాండ్ సినిమాలోనూ విలన్‌కి చావో జైలో తప్పదు. మరి ముందు మూడు పాదాలు కట్టి ఈ చివరి పాదాన్ని ఎలా నిలబెడతారు?

*విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్*

కందపద్యం. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) లకారం, నాలుగు పాదాలూ లఘువుతోనే (పొట్టి అక్షరం) మొదలవ్వాలి. యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) వి–వే. రెండో పాదంలో మూడో గణం, అంటే పద్యం మొదటి సగంలో ఆరోది, జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయితీరాలి. జారేవాళ్లంతా అక్కడే జారతారు. సినిమా సంగతి తప్పితే గణాలు కుదిరినా పూరణ ఒప్పుకోం. విలన్ ఏం గెలిచాడో పద్యంలోనే తెలియాలి.

మైలాపూరు

తులమైన దొంగిలింపక
విలువలు పెంచెడి పథకము వెలయించెఁ గదా
కలుషిత కాంచన తంత్రపు
విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్

(గోల్డ్‌ఫింగర్, 1964.)

అడయారు

అన్నగారూ, ఎత్తుగడ బ్రహ్మాండం. బంగారం కథకి “తులమైన” అని మొదలుపెట్టడం మన నోటికి అచ్చంగా అమరింది. మూడో పాదం మాత్రం విలన్ ఎవరో చెప్పిందే గాని ఏం గెలిచాడో చెప్పలేదు. సమస్య ముడి అలాగే ఉండిపోయింది.

విలన్ గోల్డ్‌ఫింగర్ గెలుపు గుర్రపుశాల దగ్గర బాండ్‌తో జరిగే సంభాషణలో ఉంది. అమెరికా ప్రభుత్వం బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లో 10,500 టన్నుల బంగారం. 60 మంది 12 రోజులు మోస్తే 200 లారీలకెక్కుతుంది. ఈలోగా సైన్యం వచ్చేస్తుందని బాండ్ లెక్కగట్టి కొట్టిపారేస్తాడు. తీసుకుపోతానని ఎవరన్నారంటాడు గోల్డ్‌ఫింగర్. లోపల అణుబాంబు పేలిస్తే ఆ నిల్వ 58 ఏళ్లు ముట్టుకోవడానికి పనికిరాదు, తన దగ్గరున్న బంగారం ధర పెరుగుతుంది. 1959 నవలలో అతను నిజంగానే బంగారం ఎత్తుకుపోవాలనుకుంటాడు. సినిమావాళ్లు ఆ లొసుగును పట్టుకుని, దాన్నే విలన్ తెలివిగా మార్చారు. ఆ మాటకు బాండ్ దగ్గర జవాబు లేదు. అందుకని మూడో పాదం ఇలా మార్చి చూడండి:

పలుకులఁ జిక్కిన బాండును
విలనే గెలిచిన...

మైలాపూరు

“బాండును” కర్మ అయ్యేసరికి ముడి వీడింది. స్వీకరించాను.

టి. నగర్

వలచి వివాహంబాడిన
లలననుఁ గోల్పోయి బాండు లలి విలపింపన్
తొలిచిన యద్దము సాక్షిగ
విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్

(ఆన్ హర్ మేజెస్టీస్ సీక్రెట్ సర్వీస్, 1969.)

పెరంబూరు

అక్కా, ఇది అసలైన పూరణ. మాటవరసకు కాదు, ఇక్కడ విలన్ నిజంగానే గెలిచాడు. మెడకు పట్టీతో విలన్ బ్లోఫెల్డ్ కారు నడుపుతుంటే అతని అనుచరురాలు ఇర్మా బంట్ కాల్చింది. పెళ్లయిన గంటల్లోనే బాండ్ భార్య ట్రేసీ పోయింది. చివర తెర మీద మిగిలేది తూటా తొలిచిన అద్దమే. మూడో పాదంలో దాన్ని తేవడం గొప్పగా ఉంది.

అభ్యంతరం రెండో పాదం మీద. “లలి” యతి కోసం వచ్చి కూర్చుంది. “విలపింపన్” సినిమాకే విరుద్ధం. బాండ్ అక్కడ ఏడవడు. ఆమెను ఒళ్లో పెట్టుకుని, వచ్చిన పోలీసుతో ఆమె విశ్రాంతి తీసుకుంటోందని మెల్లగా చెబుతాడు. ఆ నిబ్బరమే గుండె పిండేది. సవరణ:

లలననుఁ గోల్పోయి బాండు లాలించు తఱిన్

ల–లా యతి సరిపోయింది, చివరి గణం సగణం (లఘువు, లఘువు, గురువు).

అన్నానగర్

ఇంత విషాదం “వేడుక” ఎలా అవుతుంది?

నిర్వహణ

కరుణరసం ఆస్వాదించేవాడికి ఆనందమే ఇస్తుందని మన ఆలంకారికులు ఎప్పుడో ఒప్పుకున్నారు. పూరణ చెల్లుతుంది.

మరో సంగతి. ఇదే బ్లోఫెల్డ్ 1971లో డైమండ్స్ ఆర్ ఫరెవర్‌లో చార్లెస్ గ్రే రూపంలో ఆడవేషం కట్టి పారిపోజూస్తాడు. ట్రేసీ పేరే ఎవరూ ఎత్తరు. ఇర్మా బంట్ వేసిన ఇల్సే స్టెప్పాట్ 1969 డిసెంబరులోనే, సినిమా విడుదలైన కొద్ది రోజులకు, మరణించారు. ఆ పాత్రా మళ్లీ రాలేదు. గెలిచిన విలన్‌ని రెండేళ్లలో నవ్వులపాలు చేశారు. 2015లో స్పెక్టర్ ఇంకో తప్పు చేసింది: అతణ్ణి బాండ్‌తో పెరిగిన సోదరుణ్ణి చేసి, అంతకుముందు విలన్లు సాధించినదంతా అతని ఖాతాలో రాసేసింది. మాటల్లో దక్కిన గెలుపుకి బరువుండదు. నా మటుకు ఈ వరుసలో అన్నిటికన్నా గొప్ప విలనూ, అన్నిటికన్నా నాసి విలనూ ఈ ఒక్క పేరుతోనే ఉన్నారు.

అన్నానగర్

జలమును బందీఁ జేసిన
పలుచని వైరినిని నమ్మగ భయమెటు గల్గున్
వలవల నెత్తురు గార్చెడి
విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్

(మొదటి సగం క్వాంటమ్ ఆఫ్ సొలేస్ విలన్ గ్రీన్, 2008. రెండో సగం కసీనో రొయాల్ విలన్ లె షీఫ్ర్, 2006.)

మైలాపూరు

ఒకే పద్యంలో నాసినీ మేటినీ పక్కపక్కన నిలబెట్టడం మంచి ఆలోచన. రెండో పాదంలో “ని” ఒకటి ఎక్కువ పడింది, చేతిపొరపాటు అనుకుంటాను. “వైరిని నమ్మగ” అని దిద్దినా “నమ్మగ” భగణం (గురువు, లఘువు, లఘువు), ఆరో గణానికి పనికిరాదు. “పలుచని వైరినిఁ గనుగొన” అంటే నలం పడుతుంది, ప–భ యతి చెడదు.

“వలవల” అత్యుక్తి. లె షీఫ్ర్ ఏడవడు. కన్నీటి నాళం దెబ్బతిని ఎడమకంట నెత్తురు చెమరిస్తే రుమాలుతో అద్దుకుని పేకముక్కలు చూసుకుంటాడు. కాబట్టి:

కలగక నెత్తురు దుడిచెడి

గెలుపు కూడా ఉత్తమాట కాదు. తన ముఖకవళికను బాండ్ కనిపెట్టాడని పసిగట్టి, అదే కవళికను ఎరవేసి బాండ్ కోటి డాలర్లూ ఊడ్చేస్తాడు. బాండ్ ఆటకు డబ్బు చూసే వెస్పర్ ఇంకో 50 లక్షలు ఇవ్వనంటుంది. సీఐఏ మిత్రుడు ఫీలిక్స్ ఆదుకోకపోతే కథ అక్కడితో సరి.

గ్రీన్ పలచబడటానికి రచయితల సమ్మె ఒక కారణం. స్క్రిప్టు పూర్తిగా చెక్కకుండానే షూటింగుకి వెళ్లారు. అసలు లోపం వేరు: బొలీవియా నీళ్లు ఆపిన ఘోరం మనకు ఒకటి రెండు దృశ్యాల్లోనే కనిపిస్తుంది, బాండ్ నుంచి అతను లాక్కున్నది ఏమీ లేదు.

పెరంబూరు

తలపాగ చుట్టి పాచిక
నలవోకగఁ బిండి జేసె నచ్చెరువందన్
బలవంతుఁడు మాటాడని
విలనే గెలిచిన కథకద వేడుక గూర్చున్

(ఆక్టోపస్సీ, 1983. విలన్ కమల్ ఖాన్ అనుచరుడు గోబిందాగా కబీర్ బేడీ. మన చెన్నై విజయ్ అమృతరాజ్ ఉన్న సినిమా కాబట్టి వదలబుద్ధి కాలేదు.)

టి. నగర్

ధార హాయిగా ఉంది తమ్ముడూ, జగణం “డి జేసె” చక్కగా పడింది. “మాటాడని” మాత్రం నిలవదు. విమానం పైకెక్కి బాండ్‌ని పట్టుకోమని కమల్ ఖాన్ అన్నప్పుడు, బయటికా అని అడుగుతాడుగా! “బలవంతుఁడు మితవచనుఁడు” అనొచ్చు, గణాలు సరిపోతాయి.

ఇక గెలుపు. ఉదయపూర్ జూదంలో ఓడింది అతని యజమాని. ఆ పాచికల్ని గుప్పిట్లో నలిపి బాండ్ కళ్లలోకి చూడటంతో ఆట గెలిచిన డబ్బుకి విలువ లేకుండా పోతుంది. ఆ చూపు పద్యంలోకి రాలేదు. రెండో పాదం చివర “అచ్చెరువందన్” బదులు బాండ్ జంకినట్టు ఏదైనా పడితే పూరణ నిండుతుంది. నకారయతి వదలకుండా ప్రయత్నించు.

పెరంబూరు

“నదరఁగ బాండున్”?

టి. నగర్

నదరఁగ నలం, బాండున్ గగం (రెండు గురువులు). యతి కుదిరింది. ఉంచెయ్.