విశాఖలో ఓడల మ్యూజియం, చిత్రాల ప్రదర్శన: పాపకి, మామయ్యగారికి ఎలా చూపించాలి?

పలాస కోడలు:
నమస్కారమండీ. మాది పలాస. ఈ నెలాఖరుకి రెండు రోజులు విశాఖ వస్తున్నాం. మా పాప ఎనిమిదో తరగతి. కాగితం దొరికితే చాలు, ఓడ గీస్తుంది. ఫోన్లో ఫొటోలు చూసి గీయడమే తప్ప ఇంతవరకూ ఓడని దగ్గరగా చూసింది లేదు. బీచ్ రోడ్డులో మ్యూజియం, వీలైతే గీసిన బొమ్మల ప్రదర్శన కూడా చూపించాలని ఉంది. మా మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేం లోపల తిరగడానికి నాకు మనసొప్పదు. ఏది ముందు చూడాలి?
ఇంకోటి. ఓడల అడుగు ఎర్రగా ఎందుకుంటుందని పాప అడిగింది. చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

చినవాల్తేరు వాసి:
ముందు విశాఖ మ్యూజియానికి వెళ్లండమ్మా. డచ్చివాళ్ల నాటి బంగళా అది, 1991లో మ్యూజియంగా తెరిచారు. జమీందారుల కాలం నాటి చిత్రపటాలు, ఆయుధాలు, ఓడల నమూనాలు ఉంటాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి కదా, వాటిలో పేలనిది ఒకటి అక్కడే ఉంది. ఆ రోజు జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారని మా అమ్మమ్మ చెప్పేది. మామయ్యగారికి అది తప్పకుండా చూపించండి.
బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ మాత్రం ఆయనకి వద్దు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలో కాలెత్తి, నడుం వంచి దూరాలి. సోమవారం మూసేస్తారు, చూసుకోండి. సాయంత్రం మీ ఇద్దరిలో ఒకరు పాపని తీసుకెళ్లి, రెండోవాళ్లు ఆయనతో ఇసుకలో కూర్చోండి. బొమ్మల ప్రదర్శనలు అదే రోడ్డులో హవామహల్‌లో అప్పుడప్పుడూ పెడుతుంటారు. గేటు దగ్గర బ్యానర్ ఉందేమో చూసి లోపలికి వెళ్లండి.

సింధియా రిటైర్డ్:
అమ్మా, నేను షిప్‌యార్డులో మౌల్డ్ లాఫ్టులో పనిచేసి రిటైరయ్యాను. మీ పాప సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.
లాఫ్టు అంటే చెక్క నేల ఉన్న పెద్ద హాలు. కంప్యూటర్లు రాకముందు ఓడ గీతల్ని ఆ నేల మీద అసలు సైజులో గీసేవాళ్లం. సన్నటి చెక్కబద్దని మేకుల మధ్య వంచి, దాని అంచు వెంట గీత లాగాలి. గీత ఎక్కడైనా నొక్కుకుపోయిందేమోనని చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాళ్లం. తేడా ఉంటే ఒక్క మేకు పీకితే చాలు, బద్ద తనంతట తానే సర్దుకునేది. ఆ గీతని బట్టే అచ్చులు కోసి, వాటి ప్రకారం ఇనుప రేకులు వంచేవారు. 1948 మార్చి 14న నెహ్రూగారు నీళ్లలోకి దింపిన, మా యార్డులో కట్టిన ఓడ జలఉష కూడా ముందు గీతలుగా పుట్టిందే.
అందుకని పాపని ఓడ నమూనాకి పక్కన నిలబెట్టి ఫొటో తీసి వచ్చేయకండి. ముక్కు వైపుకి తీసుకెళ్లి, కళ్లు నీటిగీత (ఓడ నీళ్లలో మునిగే మట్టం) ఎత్తుకి వచ్చేలా కూర్చోబెట్టండి. రెండు పక్కలూ ఎలా ఉబ్బి, ఎలా సన్నబడి వెనక్కి పోతాయో అప్పుడు తెలుస్తుంది. పక్క నుంచి చూసి గీస్తే ఎన్నేళ్లు గీసినా అట్టముక్క ఓడే వస్తుంది.
ఎర్ర రంగు సంగతి: నీళ్లలో ఉండే భాగానికి పాచి, గుల్లలు పట్టకుండా రాగి సమ్మేళనం కలిపిన రంగు వేస్తారు. గుల్లలు పడితే నీటి రాపిడి పెరిగి ఓడ వేగం తగ్గుతుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది. ఆ రాగి సమ్మేళనమే ఎర్రగా ఉంటుంది. ఇప్పుడు వేరే రంగులూ వస్తున్నాయి గానీ ఎరుపు అలవాటుగా నిలిచిపోయింది. సరుకు ఓడ మీద ఆ రంగుకి కాస్త పైన ఒక వృత్తం, దాన్ని కోస్తూ అడ్డగీత ఉంటాయి. పక్కన నిచ్చెన మెట్లలా చిన్న గీతలు. సరుకు ఎంతవరకు ఎక్కించవచ్చో చెప్పే గుర్తులవి. మంచినీళ్ల గీత ఉప్పునీళ్ల గీతకంటే పైన ఉంటుంది, ఎందుకంటే నదిలోకి వస్తే ఓడ ఇంకొంచెం మునుగుతుంది.
బొమ్మల హాల్లో కూడా పాపని ఇదే చూడమనండి. ఓడ నీళ్లలో కూర్చుందా, నీళ్ల మీద పెట్టినట్టుందా అని.

పలాస కోడలు:
వెళ్లొచ్చాం మాస్టారూ. నమూనా దగ్గర పాప మోకాళ్ల మీద కూర్చుంది. మామయ్యగారికి కుర్చీ అడిగి వేయించాను. తీరా చూస్తే ఆ ఎత్తు ఆయన కళ్లకే సరిగ్గా సరిపోయింది! "ఒసేయ్, ఇది ఆనపకాయలా ఉందే, ఇక్కడ్నుంచి చూడు" అని పాపని పిలిచారు. ఇద్దరూ అక్కడే అరగంట ఉన్నారు. సబ్‌మెరైన్‌లో టార్పెడోల పక్కనే మంచాలు చూసి పాప "వీటి పక్కన నిద్రెలా పడుతుందమ్మా" అంది. హవామహల్‌లో మేం వెళ్లిన రోజు ప్రదర్శన లేదు. బీచ్‌లో లాగి పెట్టిన తెప్పల్ని గీసుకుంటూ కూర్చుంది.
ఇప్పుడు తను గీసే ఓడలో సగం నీళ్ల కింద ఉంటోంది. మామయ్యగారు వంచడానికి బద్దలంటూ పెరట్లో వెదురు చీలుస్తున్నారు. వెదురు పనికొస్తుందా?

సింధియా రిటైర్డ్:
వెదురు వద్దమ్మా, కణుపు దగ్గర సమంగా వంగదు. ముడులు లేని టేకు ముక్క తీసుకుని వడ్రంగి చేత సన్నగా కోయించండి. రెండడుగుల పొడవు చాలు. మామయ్యగారిని ఒక చివర పట్టుకోమనండి.