ముందు ఎవరి ఇంటికప్పుకు కూల్ పెయింట్ వేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా బస్తీలో సగం రేకుల ఇళ్లు, సగం స్లాబు ఇళ్లు. ఒక సంస్థవాళ్లు వేడి తగ్గించే తెల్లరంగు ఇస్తామన్నారు. అందరికీ సరిపోదట. ఉపగ్రహ పటంలో ఎర్రగా కనిపించే సందులకే ముందు వేద్దామంటున్నారు. ఆ పటాన్ని నమ్మొచ్చా అండీ?

జవాబు: ఏ బస్తీ అన్నది తేల్చడానికి నమ్మొచ్చు, ఏ ఇల్లు అన్నదానికి కాదు. ఇలాంటి పటాలకు ఎక్కువగా వాడే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పగటిపూట మన మీదుగా వెళ్లేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. అది చూసేది కప్పు పైన వేడిని, గదిలో ఉక్కను కాదు. పైగా వేడిని చూపే దాని థర్మల్ చిత్రంలో ఒక్కో గడి పొడవూ వెడల్పూ 100 మీటర్లు. మీ సందు మొత్తం ఒక్క గడిలో కలిసిపోతుంది.

తేమ కూడా చూపించే డిజిటల్ థర్మామీటర్లు కొన్ని కొనండి. మనిషి కూర్చునే ఎత్తులో, పొయ్యికి దూరంగా పెట్టి మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి, తెల్లవారుజామున 5కి రాయించండి. రేకు త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. స్లాబు మాత్రం పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. మధ్యాహ్నం లెక్కొక్కటే చూస్తే స్లాబు కింద నిద్రపట్టనివాళ్లు జాబితాకే ఎక్కరు. పగలు ఇంట్లో ఎవరుంటారో కూడా అడగండి: మంచాన పడ్డ పెద్దవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్లు.

ప్రశ్న: రంగు పనిచేసిందని చూపించడానికి వేశాక కొలిస్తే చాలదా?

జవాబు: మధ్యలో ఓ వాన పడిందనుకోండి, ఆ చల్లదనం కూడా రంగు ఖాతాలోకే పోతుంది. ఒకేలాంటి ఇళ్లను జతలుగా ఎంచుకుని, ఒకదానికే రంగు వేయండి. వేయకముందు ఓ వారం, వేశాక ఓ వారం రెండింట్లోనూ కొలవండి. రెండిళ్ల మధ్య తేడా ఎంత మారిందో చూడండి. రెండో ఇంటికీ తర్వాత వేస్తామని ముందే మాటివ్వండి, లేదంటే గొడవే.

2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం, ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని వాటికే ఇలా వేడి తగ్గించే కప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఐచ్ఛికమే. ఉడికిపోయేదేమో చిన్న ఇళ్లలో! వార్డు ఆఫీసుకు వెళ్లేటప్పుడు మీ లెక్కలు పట్టుకెళ్లండి.

మరొకరు: అన్నా, సిమెంటు రేకులైతే రంగు వేసేముందు పొడిగా గీకించకండి. చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లతో తడిపి మెత్తగా తుడవాలి. నేరుగా రేకు మీద కాలు పెట్టినా విరుగుతుంది.

ప్రశ్న: అద్దె ఇళ్ల సంగతి?

జవాబు: ఇల్లు చల్లబడిందని అద్దె పెంచితే ఉన్నవాళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఫలానా కాలం పెంచనని యజమానితో రాయించుకున్నాకే డబ్బా మూత తీయండి.