పడమటి బాల్కనీకీ సూర్యలంక రిసార్ట్‌కీ ఒకే రకం కుర్చీలు పనికొస్తాయా?

పడమటి_బాల్కనీ (అనంతపురం)

అన్నలూ అక్కలూ, ఒక డౌట్. మాది అనంతపురంలో మూడో ఫ్లోర్ ఫ్లాట్, బాల్కనీ పడమర వైపు, మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండ సూటిగా కొడుతుంది, మే నెలలో గ్రిల్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వాన సంగతి మీకు చెప్పేదేముంది, మన జిల్లాకి ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల దగ్గర పడితే అదే పండగ. ఇప్పుడున్న ప్లాస్టిక్ కుర్చీలు రంగు పోయి చేత్తో రుద్దితే తెల్ల పొడి రాలుతోంది, మొన్న మా మామ కూర్చుంటే కాలు పుటుక్కుమంది, ఆయనకేం కాలేదు కానీ అప్పట్నుంచి ఇంట్లో నాకు ప్రశాంతత లేదు.

ఇంకోటి, మా బావ బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో చిన్న రిసార్ట్ పెడుతున్నాడు. 8 కాటేజీలు, ఒక్కోదానికి వరండాలో రెండు కుర్చీలు ఒక టీపాయ్, బయట ఇసుకలో పడుకునే లాంజర్లు కొన్ని. ఇద్దరం కలిసి ఒకేచోట ఆర్డర్ ఇస్తే రేటు తగ్గుతాది కదా అంటాడు. షోరూమ్ లో వికర్ సెట్ (పైపు ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ తీగ అల్లిన కుర్చీలు) చూపించి ఆల్ వెదర్ సార్, ఎండకైనా సముద్రానికైనా ఇదే అన్నారు. నమ్మొచ్చా? నా బాల్కనీ 10 బై 4 అడుగులు, బడ్జెట్ 20 వేల లోపు.

గేటు_గ్రిల్లు (కర్నూలు)

తమ్ముడూ నాది వెల్డింగ్ షాప్, కర్నూల్లోనే. ఆల్ వెదర్ అనేది పైన అల్లిన తీగ గురించి చెప్తారు, లోపల పైపు గురించి ఎవరూ చెప్పరు, నువ్వు అడగాల్సింది ఆ పైపు గురించే.

షోరూమ్ కి పోయినప్పుడు కుర్చీని తలకిందులు చెయ్యి, సిగ్గుపడొద్దు. కాళ్ల కింద బుష్ (కాలికి తొడిగే మూత) ఒకటి పీకి చూడు, లోపల పైపు కనపడతాది. అయస్కాంతం పెట్టు, అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. ఇనుమైతే జీఐ పైపు సార్ తుప్పు పట్టదు అంటారు, జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుము, నిజమే కానీ వెల్డింగ్ పెట్టిన కాడ ఆ జింకు కాలిపోతాది కదా, అక్కడ మళ్లీ జింక్ ప్రైమర్ కొట్టకుండా మీద పెయింట్ వేసేస్తే తుప్పు మొదలయ్యేది ఆ అతుకు కాడే. తీగ కప్పేసింటాది కాబట్టి నీకు కనపడదు, ఒకరోజు కుర్చీ కింద నేల మీద ఎర్ర మరక పడినప్పుడు తెలుస్తాది.

ఇంక తీగ. పీవీసీ తీగ, హెచ్‌డీపీఈ తీగ అని రెండు రకాలు వస్తాయి, పీవీసీ మన ఎండకి గట్టిపడి పెళుసెక్కి తునిగిపోతాది. హెచ్‌డీపీఈలో యూవీ స్టెబిలైజర్ (ఎండకి పాడవకుండా కలిపే మందు) కలిపింటే నిలుస్తాది. అల్లిక వెనకాల తీగ కొస ఒకటి యాడన్నా ఉంటాది, ఆ కొస కోసిన చోట చూడు, లోపల కూడా పైన ఉన్న రంగే ఉండాల. పైన గోధుమ రంగు లోపల తెలుపు అంటే పూతే అది, వదిలెయ్.

మన ఊళ్లకి తుప్పు పెద్ద శత్రువు కాదు, గాలిలో తేమే తక్కువ. మా షాప్ ముందర మంచి ప్రైమర్ కొట్టిన ఎంఎస్ (మామూలు ఇనుము) బెంచీ ఏళ్ల తరబడి ఎండలోనే ఉంది, పెయింట్ వెలిసింది అంతే. ఇక్కడ తినేసేది ఎండ, ప్లాస్టిక్కు, రంగు, గుడ్డ, వీటిని తింటాది. మీ వైపు తోటల్లో డ్రిప్ పైపు నల్లగానే ఎందుకుంటాదో ఆలోచించు, కార్బన్ బ్లాక్ కలుపుతారు, ఎండ లోపలికి దిగకుండా ఆపుతాది అది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ మీ పడమటెండలో పొడి రాలడానికి కారణం అది లేకపోవడమే. నలుపు తీసుకుంటే ఎక్కువ కాలం వస్తాది గానీ సాయంత్రం ఐదింటికి దాని మీద కూర్చునే ధైర్యం నీకుండాల 😄

మీ బావ సంగతి నాకు తెలీదు, సముద్రం నేను చూసేది సెలవులకే.

ఉప్పుగాలి

మాది కడప, పని మాత్రం నెల్లూరు వైపు బీచ్ దగ్గర ఒక రిసార్ట్ లో మెయింటెనెన్స్. గేటు_గ్రిల్లు అన్న చెప్పింది మీ బాల్కనీకి నూటికి నూరు శాతం కరెక్ట్, మీ బావకి మాత్రం దాన్ని తిరగేసి చదవాల.

ఇక్కడ ఇనుము మాటే ఎత్తొద్దు. స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మేదాంట్లో 202, 304, 316 అని గ్రేడ్లు ఉంటాయి. 202 సముద్రం దగ్గర శుద్ధ దండగ. 304 బాగానే ఉంటాది గానీ కొన్ని నెలలకే టీ ఒలికినట్టు గోధుమ రంగు మరకలు తేలతాయి. 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం కలుస్తాది, ఉప్పుని తట్టుకునేది అది, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంటాది. చాలామంది అయస్కాంతం పెట్టి అంటుకోలేదు కాబట్టి ఒరిజినల్ అనుకుంటారు, అది తప్పు, 202 కూడా అంటుకోదు. ఇనుమా అల్యూమినియమా అనేది అయస్కాంతంతో తేలుతుంది కానీ 202కి 304కి తేడా తేలదు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోమనండి, రాయనంటే పక్క షాపు.

మా దగ్గర కొత్తగా చేరినోళ్లు ఎవరూ నమ్మని విషయం ఒకటి చెప్తా. బయట వానలో తడిసే కుర్చీ కన్నా వరండా కప్పు కింద ఉన్న కుర్చీ ముందు పాడవుతాది. ఎందుకంటే ఉప్పు గాలితో వచ్చి రెంటి మీదా కూర్చుంటాది, బయటదాన్ని వాన కడిగేస్తాది, వరండాలోది ఎవరూ కడగరు. మీ బావ కాటేజీలన్నీ వరండాలే కదా, వారానికి ఒకసారన్నా మంచినీళ్లతో కడిగించాల. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో కడిగి ఉపయోగం లేదు, ముందు ఆ నీళ్ల సంగతి చూస్కోమనండి.

బీచ్ కి నేనైతే పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం తీసుకోమంటా. దానికి తుప్పు రాదు. చూడాల్సింది స్క్రూలు. అల్యూమినియం ఫ్రేమ్ కి స్టీల్ స్క్రూ బిగించి మధ్యలో ఉప్పు నీళ్లు తగిలితే ఆ రెండు లోహాలు కలిసి చిన్న బ్యాటరీ మాదిరి పనిచేస్తాయి, అరిగిపోయేది అల్యూమినియమే. స్క్రూ చుట్టూ పెయింట్ బుడగలు లేచి కింద తెల్ల పొడి వస్తాది. 316 స్క్రూలు, వాటికింద నైలాన్ వాషర్లు అడగమనండి. చిన్న విషయమే, కుర్చీ ఎన్నేళ్లు నిలుస్తాదో చాలావరకు దాంట్లోనే ఉంది.

అల్యూమినియం తేలిక, అదొక్కటే దాని లోపం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. హెచ్చరిక రాగానే ఒకదానిమీద ఒకటి పేర్చి గదిలో పడేసే రకం కొనాల, లేకపోతే ఏ కుర్చీ యాడ తేలిందో వెతుక్కోవాల.

నాపరాయి_నాయన (కడప జిల్లా)

ఇంత చర్చ ఎందుకు ప్పా. తాడిపత్రి బండలు పక్కనే పెట్టుకొని అల్యూమినియం కోసం ఏడుస్తారా. ఒక బండ, కింద రెండు దిమ్మెలు, అయిపాయె. తుప్పు లేదు చెదలు లేదు, మామ కూర్చున్నా విరగదు. మా తాతల కాలం నుంచి ఇంటి ముందర అరుగు మీద పడుకున్నోళ్లమే కదా మనం.

పడమటి_బాల్కనీ

@నాపరాయి_నాయన అన్నా ఐడియా నచ్చింది, మామకి కూడా 😅 కానీ మూడో ఫ్లోర్ బాల్కనీ మోస్తుందా?

సైట్_ఇంజనీర్_కాదు_కానీ (నంద్యాల)

లెక్క చూద్దాం. 4 అడుగుల పొడవు అడుగున్నర వెడల్పు అంగుళంన్నర మందం ఉన్న బండ 55, 60 కేజీల మధ్య తూగుతుంది, దిమ్మెలు కలిపితే వంద దాటొచ్చు. ఇళ్ల బాల్కనీలకి మన బిల్డింగ్ కోడ్ ప్రకారం చదరపు మీటరుకి సుమారు 300 కేజీల లోడ్ కి డిజైన్ చెయ్యాలి, అలా కట్టినదైతే ఒక బెంచీ మీద ఇద్దరు కూర్చున్నా ఇబ్బంది లేదు. రెయిలింగ్ వైపు అంచున మాత్రం వద్దు, ఇంటి గోడకి ఆనించి పెట్టండి. పాత బిల్డింగ్ అయి స్లాబ్ కింద పెచ్చులు ఊడుతుంటే ఈ ఆలోచనే మానుకోండి.

రాయికి రెండు తంటాలున్నాయి. నల్ల బండ పడమటెండ తాగితే రాత్రి ఎనిమిదింటికి కూడా వెచ్చగానే ఉంటుంది, చలికాలంలో అదే సుఖం అనుకోండి. రెండోది, కడప బండ, బేతంచెర్ల బండ ఇవన్నీ సున్నపురాయి జాతి, నిమ్మకాయ సోడా ఒలికితే పాలిష్ పోయి తెల్ల మచ్చ పడుతుంది, రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. యాసిడ్ తో బాల్కనీ కడిగే పనిమనిషి ఉంటే ముందే చెప్పిపెట్టుకోండి.

చేవ (కర్నూలు)

టేకు గురించి ఎవరూ ఎత్తలేదే. చేవ తేలిన టేకు బయట ఎండకి వానకి రెంటికీ నిలబడుతుంది, దాంట్లో ఉండే నూనె వల్ల చెద కూడా అంత తొందరగా పట్టదు. కొన్నాళ్లకి బూడిద రంగుకి తిరుగుతుంది, చాలామంది పాడైపోయిందని భయపడి వార్నిష్ కొట్టిస్తారు, అక్కర్లేదు, రంగు మారిందంతే, బలం అట్లే ఉంటుంది. వార్నిష్ కొడితే మన ఎండకి పెచ్చులు లేచి ఇంకా అసహ్యంగా తయారవుతుంది. చూసుకోవాల్సిందల్లా చేవ లేని తెల్ల చెక్క కలవకుండా, సరిగ్గా ఆరిన చెక్క వాడేటట్టు. పచ్చి చెక్కతో చేసిన కుర్చీ అనంతపురం మే నెలకి ఎండి కుదించుకుపోయి జాయింట్లు లొడలొడలాడతాయి. సముద్రం దగ్గరైనా టేకు సరే, మేకులు స్క్రూలు మాత్రం పైన ఉప్పుగాలి గారు చెప్పినవే.

కానీ 20 వేలలో మంచి టేకు సెట్ అనేది నేనైతే ఆశపడను.

పడమటి_బాల్కనీ

అందరికీ థాంక్స్. బావకి ఫోన్ చేసి ఈ త్రెడ్ మొత్తం చదివి వినిపించినా, కలిపి ఆర్డర్ అనే మాట ఆయనే వెనక్కి తీసుకున్నాడు, ఇప్పుడు 316 స్క్రూలు యాడ దొరుకుతాయి అని నన్ను తింటున్నాడు. నేను గోడవైపు తాడిపత్రి బండ బెంచీ ఒకటి, లేత రంగు అల్యూమినియం కుర్చీలు రెండు అనుకుంటున్నా. బెంచీ మీదకి కుషన్లు వేస్తే ఎన్నాళ్లు వస్తాయి?

గేటు_గ్రిల్లు (కర్నూలు)

మామూలు కాటన్ గుడ్డ అయితే ఒక ఎండాకాలం. దారంలోనే రంగు కలిపి నేసిన ఆక్రిలిక్ గుడ్డ అని బయట వాడే కుషన్లకి వస్తాది, అది అంత త్వరగా వెలవదు, రేటు ఎక్కువ. దానికన్నా ముందు నర్సరీలకి వేసే షేడ్ నెట్ తెచ్చుకో, 75 శాతం ఎండ ఆపేది, పడమర వైపు రోల్ మాదిరి కట్టు, మధ్యాహ్నం దించు సాయంత్రం ఎత్తు. రైతు సామాన్ల షాపుల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు. బండ కూడా అంత కాగదు, కుషనూ నిలుస్తాది.

316 స్క్రూలు మామూలు హార్డ్‌వేర్ షాపులో అడిగితే 304 ఇచ్చి అదే ఇదంటారు. పడవల సామాను అమ్మే చోట అడగమను మీ బావని, తీరం వెంబడి ఉంటాయి కదా. తలమీద ఏ4 అని ఉంటే 316 రకం, ఏ2 అని ఉంటే 304.