ఓటేసిన బోర్డును తీసేసి సూపరింటెండెంటుకు పగ్గాలిస్తే బడులు బాగుపడతాయా? (హ్యూస్టన్ సంగతి)

గోదారిగట్టు
మొన్న ఆదివారం గుడిలో ప్రసాదం లైనులో మొదలైన వాదన ఇది. పార్కింగ్‌లో అరగంట నిలబడ్డా తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. అమెరికాలో టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టుకు (ఒక ప్రాంతంలోని సర్కారు బడులన్నిటినీ నడిపే సంస్థ) జనం ఓటేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఒక సూపరింటెండెంటును పెట్టుకుంటుంది. విధానం, బడ్జెట్ ఆమోదం, పన్ను రేటు బోర్డు చేతిలో. బడులు నడపడం ఆయన పని. నచ్చకపోతే బోర్డు ఆయన్ను పంపించేస్తుంది. హ్యూస్టన్‌లో దీన్ని తలకిందులు చేశారు. 2023 జూన్ 1న టెక్సాస్ విద్యాశాఖ, ఎన్నికైన 9 మంది బోర్డు అధికారాలు తీసేసి, తనే ఎంచిన 9 మందిని కూర్చోబెట్టి, మైక్ మైల్స్‌ను సూపరింటెండెంటుగా వేసింది. 2015లో చేసిన చట్టం ప్రకారం ఒక్క బడి వరసగా ఐదేళ్లు ఫెయిలైనా చాలు, ఆ బడిని మూసేయాలి లేదా బోర్డును మార్చాలి. ఇక్కడ ఆ ఒక్క బడి వీట్లీ హైస్కూల్. డిస్ట్రిక్టులో ఉన్నవి 270కి పైగా.

ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని సూపరింటెండెంటు మంచివాడైనా సరే, అది సరైన పద్ధతేనా?

సత్య_వి
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని ఎవరన్నారు? రాష్ట్ర విద్యా కమిషనర్‌కు చెప్పాలి. ఇక ఫలితం చూడండి. 2023 లెక్కల్లో ఎఫ్ గ్రేడు (అంటే ఫెయిల్) బడులు 50కి పైగా ఉన్నాయి. 2025లో వచ్చిన గ్రేడుల్లో ఒక్కటి కూడా లేదు. మీ ఎన్నికైన బోర్డు ఏళ్ల తరబడి చేయలేని పని రెండేళ్లలో అయింది. పిల్లలకు చదువు వస్తోందా లేదా అన్నదే నాకు కావాలి. ఎవరు ఎవరికి ఓటేశారో నాకెందుకు?

తణుకు_హెచ్ఎం
బాబూ, చిన్న సందేహం. సూపరింటెండెంట్ అంటే మా డీఈఓ ఆఫీసులో గుమాస్తాల పైన కూర్చుని ఫైళ్లు కదలనివ్వని ఆయన. ఆయనకు అక్కడ ఇంత అధికారమా?

పాలమూరు_పిల్లగాడు
మాస్టారూ 😂 ఇక్కడ సూపరింటెండెంట్ అంటే మీ డీఈఓ అనుకోండి.

తణుకు_హెచ్ఎం
డీఈఓ అయితే మరీ చిత్రం. మా డీఈఓ సొంతంగా ఒక్క టీచరును వేసుకోలేడు, డీఎస్సీ రావాలి. బదిలీకి జీవో రావాలి. పైన కలెక్టరు, ఆ పైన కమిషనరు. బడి బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని రాసి ఉంటుంది గానీ, నా సర్వీసులో జడ్పీ ఛైర్మన్ గడప తొక్కింది జెండా వందనానికే.

శ్రావణి_టీచర్
సత్య గారూ, గ్రేడు పెరగడం వేరు, చదువు రావడం వేరు. మైల్స్ మొదటి ఏడాది 28 బడుల్లో తన కొత్త పద్ధతి పెట్టి, వాటిలో లైబ్రేరియన్ పోస్టులు తీసేశారు. క్లాసులో అల్లరి చేసిన పిల్లల్ని ఆ లైబ్రరీ గదుల్లోనే కూర్చోబెట్టి తెర మీద పాఠం చూపించారు. పాఠం స్లైడ్లు కేంద్ర ఆఫీసు నుంచి వస్తాయి, నిమిషాల లెక్కన నడవాలి.

నేను పనిచేసేది అక్కడ కాదు, ఇదే రాష్ట్రంలో వేరే డిస్ట్రిక్టు, పేరు వద్దు. మాకూ ఒక కొత్త సూపరింటెండెంటు వచ్చి అలాంటిదే తెచ్చారు. మూడో తరగతిలో ఒక పాప, గొంగళిపురుగు సీతాకోకచిలుక అయ్యేటప్పుడు దానికి నొప్పి పుడుతుందా అని అడిగింది. టైమర్ మోగింది. తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాను. వెనక కూర్చున్న పరిశీలకురాలు టిక్కు పెట్టుకుంది. ఆ పాప మళ్లీ చెయ్యెత్తలేదు.

సత్య_వి
ఒక్క పాప కథతో లక్షన్నరకు పైగా పిల్లలున్న డిస్ట్రిక్టును కొలవలేం టీచర్ గారూ. పైగా ఆ బడుల్లో టీచర్లకు జీతాలు పెంచారు, ఆ సంగతి మీరు రాయలేదు.

గోదారిగట్టు
సత్య, నా ప్రశ్న పక్కకు పోయింది. కారణంగా చూపిన వీట్లీ బడికి 2022లోనే సీ గ్రేడు వచ్చింది. కోర్టు అడ్డు తొలగి పగ్గాలు తీసుకునే నాటికి ఆ బడి పాసై కూర్చుంది! ఉతికి ఆరేసిన బట్టకు మళ్లీ సబ్బు పెట్టినట్టుంది. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పు.

సత్య_వి
అన్నా, ఒక్క బడి, ఒక్క బడి అని పట్టుకు వేలాడకు. మిగతా ఎఫ్‌ల సంగతేంటి?

గోదారిగట్టు
చట్టం ఆ ఒక్క బడి పేరు మీదే కదా నడిచింది. నేను పట్టుకు వేలాడటమేంటి?

పాలమూరు_పిల్లగాడు
సత్య అన్నా, నువ్వుండేది హ్యూస్టన్ డిస్ట్రిక్టు కాదు కదా? మీ పిల్లలకు లేని మందు పక్కింటి పిల్లలకు తియ్యగానే ఉంటది.

సత్య_వి
అవును, నాది శివారు డిస్ట్రిక్టు. ఇక్కడ రాసేవాళ్లలో సగం మందిది కూడా అంతే. లోపల ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి చూద్దాం. ఎత్తరు. ఇల్లు కొనేటప్పుడు అందరం స్కూల్ రేటింగ్ చూసే కదా అవతలకు పోయాం. ఆ పేద పిల్లల బోర్డు హక్కు మీద ఇప్పుడు పుట్టుకొచ్చిన ప్రేమ అప్పుడేమైంది?

శ్రావణి_టీచర్
ఈ మాట మాత్రం నిజమే. ఒప్పుకుంటున్నా.

కానీ అందుకే ఇంకోటి చెప్పాలి. వీట్లీ ఉన్నది ఫిఫ్త్ వార్డులో, తరాలుగా నల్లవాళ్లు ఉంటున్న పేట. బార్బరా జోర్డాన్ 1952లో చదువు పూర్తి చేసిన బడి అది. దక్షిణాది నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆవిడ. ఓటు హక్కు కోసం తరాల పాటు కొట్లాడిన మనుషుల పేటలో ఒక బడి పేరు చెప్పి, ఊరందరి బోర్డు ఓటుకు విలువ లేకుండా చేశారు. వాళ్లకు అదెలా తగులుతుందో మనకు అర్థం కాదు. కలెక్టరు ఆకస్మిక తనిఖీకి వచ్చి నలుగుర్ని సస్పెండ్ చేస్తే చప్పట్లు కొడుతూ పెరిగినవాళ్లం మనం. పైనుంచి ఒక గట్టి మనిషి దిగితే చాలు, అన్నీ సర్దుకుంటాయనుకుంటాం.

తణుకు_హెచ్ఎం
అమ్మా, ఆ చప్పట్లు నేనూ కొట్టాను. నన్ను సస్పెండ్ చెయ్యనంత కాలం. 

ఇంకో నిజం కూడా చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఉన్నారు, కాగితం మీద. తీర్మానాల పుస్తకం అటెండరు చేతికిచ్చి ఇంటింటికీ పంపి సంతకాలు పెట్టించుకున్నవాణ్ణి నేనే. వాళ్లు కూలికి పోయే జనం, మధ్యాహ్నం మీటింగు పెడితే ఎవరొస్తారు? సాయంత్రం పెట్టొచ్చని నాకు తట్టలేదు. తట్టినా పెట్టేవాణ్ణి కాదేమో.

గోదారిగట్టు
మాస్టారూ 🙏

సత్యా, పోనీ పని జరగడం గురించే మాట్లాడదాం. 2024 నవంబరులో బడుల మరమ్మతులకు, కొత్త భవనాలకు 440 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంటామని జనం ముందు ఓటింగ్ పెట్టారు. జనం తిప్పికొట్టారు. పైకప్పు కారే బడులున్నాయని అందరికీ తెలుసు. అయినా వద్దన్నారు. బోర్డుకు వేసే ఓటుకు విలువ లేకుండా చేస్తే, దొరికిన ఓటుతోనే కోపం తీర్చుకుంటారు. నమ్మకం లేని సూపరింటెండెంటు ఎంత తెలివైనవాడైతే మాత్రం ఏం లాభం?

సత్య_వి
అంటే ఆయన మీద కోపంతో పిల్లల నెత్తిన వాన పడనిచ్చారు. దాన్ని ప్రజాస్వామ్యం అంటున్నావు నువ్వు.

గోదారిగట్టు
నీకు ఎన్నికైన బోర్డులంటే ఎందుకింత మంట? సూటిగా అడుగుతున్నా. సిటిజన్‌షిప్ వచ్చాక నేను ప్రతి బోర్డు ఎన్నికకూ పోతున్నా. వెయ్యి ఓట్లు కూడా తేడా లేని ఎన్నికలు అవి. మనవాళ్లు కదిలితే ఫలితాలు మారిపోతాయి. కదలరు, ఇక్కడికొచ్చి గట్టి మనిషి కావాలంటారు.

సత్య_వి
కదలరా? సరే, రాస్తా. చదువుకో.

మా ఏరియాలో బౌండరీలు, అంటే ఏ వీధి పిల్లలు ఏ బడికి పోవాలన్న గీతలు, మార్చారు. డిస్ట్రిక్టు పేరు రాయను. సూపరింటెండెంటు ఇచ్చిన మొదటి ప్లానులో మా వీధి పాత బడిలోనే ఉంది. పిల్ల నడిచి పోయే దూరం, బస్సు కూడా అక్కర్లేదు. మ్యాపులు, లెక్కలు అన్నీ చూపించారు. తర్వాత చెరువు అవతలి కాలనీవాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని రెండు మీటింగులకు వచ్చి అరిచారు. మొదటి ప్లాను పోయింది. బోర్డు ఓటింగులో మా వీధి ఐదు మైళ్ల అవతలి బడికి పడింది. ఆ రాత్రి నేనూ మైకు ముందు నిలబడ్డాను. రెండు నిమిషాలు ఇచ్చారు. ఒక మెంబరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు చూస్తాడు? చెరువు అవతలివాళ్లకు ఓట్లున్నాయి. నాకు లేదు.

13 ఏళ్లుగా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నా. అందులో ఎక్కువ భాగం బడికే పోతుంది. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నా. ఆ క్యూ ఎంత పొడవో నీకు తెలుసు అన్నా, నువ్వూ నిలబడ్డావు, నీకు కొంచెం ముందు వచ్చింది. నాకు ఓటు వచ్చేసరికి మా అమ్మాయి కాలేజీ కూడా అయిపోతుంది. అందుకే ఎవరు ఎన్నికయ్యారన్నది నాకు అనవసరం. ఆ రోజు మ్యాపు చూసి, ఎవరి ఓటో చూడకుండా నా పిల్లను లెక్కేసిన మనిషి సూపరింటెండెంటు ఒక్కడే.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, పైన పక్కింటి మందు అన్న మాటకు సారీ.

శ్రావణి_టీచర్
సత్య గారూ, ఇది మొదటే రాసి ఉంటే నేను లైబ్రరీల గురించి అంత రాసేదాన్ని కాదు. అయినా ఒక్క మాట. మీ సూపరింటెండెంటు మ్యాపు గీశాడు, బోర్డు మార్చింది, మీరు వెళ్లి తిట్టగలిగారు. మా దాంట్లో ఆ టైమర్ గురించి ఎవర్ని తిట్టాలో ఇప్పటికీ నాకు తెలియదు.

గోదారిగట్టు
నీకు ఓటు లేని సంగతి తెలుసు గానీ, బౌండరీ గొడవ నాకు చెప్పలేదు సత్యా. ప్రసాదం లైనులోనైనా చెప్పాల్సింది.

కానీ నేను వెనక్కి తగ్గట్లేదు. నీకు ఓటు ఇవ్వకపోవడం అన్యాయం. దానికి మందు ఉన్నవాళ్ల ఓటు కూడా తీసెయ్యడమా? పైగా హ్యూస్టన్‌లో రాష్ట్రం పెత్తనం 2027 దాకా పొడిగించారు కూడా.

సత్య_వి
నేను తీసెయ్యమనలేదు. తీసేస్తే నాకేమీ పోలేదన్నాను. రెండింటికీ తేడా ఉంది. ఇక రేపు ఆఫీసుంది.

తణుకు_హెచ్ఎం
బాబూ, పడుకునే ముందు ఒక్కటి. ఆ మైల్స్ గారి జీతం ఎంత?

పాలమూరు_పిల్లగాడు
చేరినప్పుడు ఏడాదికి 3,80,000 డాలర్లు మాస్టారూ.

తణుకు_హెచ్ఎం
రూపాయల్లోకి మార్చి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆయన కింద గుమాస్తా సూపరింటెండెంటు పోస్టు ఏమైనా ఖాళీ ఉందేమో అడగమంటోంది.