పెద్ద వస్తువు, తక్కువ వేగం అయితే న్యూటన్ చాలు: ఈ గీత సరిగ్గానే గీశారా?

పాత_లెక్చరర్:

క్లాసికల్ మెకానిక్స్ హద్దుల గురించి మన పిల్లలకు చెప్పే మాట దాదాపు ఎక్కడ చూసినా ఒక్కటే. వేగం కాంతి వేగానికి దగ్గరపడితే ఐన్‌స్టీన్, వస్తువు పరమాణువంత చిన్నదైతే క్వాంటం, మిగతా లోకమంతటికీ న్యూటన్ చాలు. గుర్తుపెట్టుకోవడం తేలిక, కానీ నిజం కాదని నా వాదన. న్యూటన్ హద్దు చూడ్డానికి పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఇంటర్ ల్యాబ్‌లో ఉండే అనునాద గొట్టం చాలు.

ఆ ప్రయోగం ఎంపీసీ చదివినవాళ్లంతా చేసిందే. శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి గొట్టం మూతి దగ్గర పట్టుకుంటాం, నీటి మట్టం నెమ్మదిగా దించుతాం. ఒకచోట శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంకా దించితే మరోచోట మళ్లీ పెరుగుతుంది. ఆ రెండు మట్టాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం. శృతిదండం 512 హెర్ట్జ్‌ది, గది 30 డిగ్రీల్లో ఉందనుకుంటే దూరం సుమారు 34.1 సెం.మీ. వస్తుంది. అంటే శబ్దవేగం సెకనుకు 349 మీటర్లు.

ఇప్పుడు అదే వేగాన్ని క్లాసికల్ మెకానిక్స్ నుంచి లెక్కగట్టండి. శబ్దవేగానికి గాలి విశిష్టోష్ణాల నిష్పత్తి (పీడనం మారకుండా వేడిచేయడానికి పట్టే ఉష్ణానికీ, ఘనపరిమాణం మారకుండా పట్టే ఉష్ణానికీ నిష్పత్తి), అంటే గామా కావాలి. గాలిలో దాదాపు అంతా నైట్రోజన్, ఆక్సిజనే. రెండూ రెండేసి పరమాణువుల అణువులు. అణువు మూడు దిక్కుల్లో కదులుతుంది, రెండు అక్షాల చుట్టూ తిరుగుతుంది, మధ్యలో బంధం స్ప్రింగులా కంపిస్తుంది. ఉష్ణశక్తి వీటన్నిటికీ సమంగా పంచాలి, అందులో కంపనానికి రెండు వాటాలు. మొత్తం ఏడు వాటాలు. వాటాలకు రెండు కలిపి వాటాలతో భాగిస్తే గామా వస్తుంది, అంటే 9/7, సుమారు 1.29. దాంతో శబ్దవేగం 335 మీటర్లు, మట్టాల మధ్య దూరం 32.7 సెం.మీ. కొలతకీ లెక్కకీ తేడా 1.4 సెం.మీ. మీటరు స్కేలు మీద ఎవరికైనా కనిపించేంత తేడా.

గొట్టం బారెడు పొడుగుంది. అందులో కాంతి వేగానికి దగ్గరగా పోయేది ఏదీ లేదు. మరి న్యూటన్ ఎందుకు చాల్లేదు?

టర్బైన్_ఇంజినీర్:

మాస్టారూ, మీ లెక్కలోనే తిరకాసు ఉంది. అణువును స్ప్రింగు అని మీరెందుకు అనుకున్నారు? గట్టి కడ్డీకి అటూ ఇటూ రెండు గుండ్లు బిగించినట్టు అనుకోండి. కంపనం ఉండదు, ఐదు వాటాలే, గామా 7/5. అంటే 1.40, మీ గొట్టంలో వచ్చే విలువే. ఇది కూడా న్యూటనే కదా.

అసలు క్లాసికల్ మెకానిక్స్‌ని ఇలా తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న లేచి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. దాని దారి లెక్కల్లో అసలు భారమంతా మోసింది న్యూటన్ గురుత్వ సూత్రమే. బుధగ్రహం సంగతే చూడండి. దాని కక్ష్య శతాబ్దానికి సుమారు 574 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరిగితే, 531 దాకా మిగతా గ్రహాల ఆకర్షణతో న్యూటన్ పద్ధతిలోనే తేలిపోయాయి. మిగిలిన 43 కోసమే 1915లో ఐన్‌స్టీన్ అవసరం వచ్చింది. ఇంత పనిచేసే శాస్త్రానికి గొట్టంలో గాలి దగ్గరే హద్దు గీస్తామంటే ఎలా?

పాత_లెక్చరర్:

బుధుడి దగ్గర మీతో పేచీ లేదు, చంద్రయాన్ దగ్గర అంతకన్నా లేదు. అక్కడ న్యూటన్‌కీ కొలతకీ తేడా నిజంగానే చిన్నది. వేగం తగ్గేకొద్దీ, గురుత్వం బలహీనపడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. గాలి విషయంలో అలా తగ్గదు, నేను పట్టుబడుతున్నది అందుకే.

కడ్డీ మాటకొద్దాం. క్లాసికల్ మెకానిక్స్‌లో ఏ బంధమూ పూర్తిగా బిగుసుకుపోయి ఉండదు, ఎంతో కొంత సాగుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైనా, వెయ్యి రెట్లు గట్టిపరిచినా, సమతాస్థితిలో దాని వాటా మాత్రం తగ్గదు. శక్తిని సమంగా పంచాలనే ఈ సమవిభజన నియమంలో స్ప్రింగు గట్టిదనం కనబడనే కనబడదు. కాబట్టి కడ్డీ అనుకోవడమంటే జవాబు ముందే తెలుసుకుని లెక్కను దానికి సర్దడమే. పోనీ నిజంగా కడ్డీయే అయితే ఎంత వేడిచేసినా గామా 1.40 దగ్గరే ఉండాలి. ఉంటుందా? మీ టర్బైన్లలో వేడి వాయువుకి ఏ విలువ వాడతారు?

టర్బైన్_ఇంజినీర్:

1.33 వేస్తాం. మండిన వాయువులో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కూడా ఉంటాయి, కొంత వాటి వల్ల. కానీ ఉత్త గాలికైనా వేడి పెరిగేకొద్దీ గామా తగ్గుతుంది, పట్టికల్లో ఉంది. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను, కడ్డీ నిలబడదు.

అయినా నా పాయింటు ఇంకోటుంది. శక్తిని సమంగా పంచాలన్నది న్యూటన్ చెప్పింది కాదు, మాక్స్‌వెల్, బోల్ట్జ్‌మన్‌లది. తప్పు పంపకానిదై ఉండొచ్చు, చలన సూత్రాలది కాకపోవచ్చు. 1900 ఏప్రిల్‌లో లార్డ్ కెల్విన్ భౌతికశాస్త్రం మీద రెండు మబ్బులున్నాయని ఉపన్యాసమిచ్చినప్పుడు రెండోది ఈ సమవిభజనే. ఆయన కూడా అనుమానించింది నియమాన్నే, న్యూటన్‌ని కాదు.

గుంటూరు_చుక్కలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ కథలో మా ఊరి ప్రస్తావన ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే చూశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటదర్శినిలో పెడితే వెలుగు గీతలు విడివిడిగా కనిపించాయి. అంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి గ్రహణం లేకపోయినా కనబడాలని మర్నాడు ప్రయత్నించాడు, కనబడ్డాయి. ఆ ఏడాదే అలాంటి గీతల్లో ఒక పసుపు గీత సోడియంది కాదని ఇంగ్లిష్ ఖగోళవేత్త లాకియర్ గుర్తించాడు. హీలియం అలా బయటపడింది.

చర్చకి దీనితో పనేమిటంటే, ఇన్ని గీతలున్నాయంటే పరమాణువు లోపల బోలెడన్ని కంపనాలుండాలని అప్పటివాళ్లు అనుకున్నారు. అలాగైతే వాటన్నిటికీ ఉష్ణశక్తిలో వాటా ఇవ్వాలి, గామా 9/7 కన్నా ఇంకా కిందికి పోవాలి. మాక్స్‌వెల్‌ని 1870లలో బాగా కలవరపెట్టింది ఇదే. అంటే నియమం పెట్టినాయనకే దాని ఇబ్బంది తెలుసు.

అలాగని పాత మెకానిక్స్ గీత అవతల పనికిరాదనీ కాదు. 1913లో డెన్మార్క్ భౌతికవేత్త బోర్ కొన్ని గీతలు ఎలక్ట్రాన్ పోయిన హీలియంవని చెప్పినప్పుడు, ఆయన లెక్కలో హీలియం గీతల స్థిరాంకానికీ హైడ్రోజన్ గీతల స్థిరాంకానికీ నిష్పత్తి సరిగ్గా 4 రావాలి. ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫౌలర్ కొలతలో 4.0016 వచ్చింది. కేంద్రకం స్థిరంగా ఉండదు, అదీ కాస్త కదులుతుందని బోర్ లెక్క సరిచేస్తే 4.00163 వచ్చింది. రెండు వస్తువులు ఉమ్మడి ద్రవ్యకేంద్రం చుట్టూ తిరగడం న్యూటన్ పాఠమే. క్వాంటం లెక్కను ఆ రోజు గట్టెక్కించింది అదే.

పాత_లెక్చరర్:

చాలా మంచి ఉదాహరణ ఇచ్చారు. న్యూటన్ మెకానిక్స్‌నే మరో రూపంలో రాసిన లాగ్రాంజ్, హామిల్టన్ పద్ధతులు ఈ రోజుకీ క్వాంటం మెకానిక్స్‌కి ఎముకల గూడులా ఉన్నాయి, దాన్ని నేనూ కాదనను.

ఇంజినీరు గారి అనుమానం న్యాయమైనది, అందుకే పంపకంతో సంబంధం లేని ఉదాహరణ తీసుకుంటాను. ధన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ తిరుగుతోందనుకుని న్యూటన్ చలన సూత్రాలు, మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సూత్రాలు కలిపి లెక్క కట్టండి. అది శక్తిని వెదజల్లుతూ సెకనులో వెయ్యి కోట్లవ వంతు కాలంలోపే కేంద్రకంలో పడిపోతుంది. ఇక్కడ ఉష్ణం లేదు, వాటాలు లేవు. మీరు కూర్చున్న కుర్చీ కూలకుండా ఉందంటేనే క్లాసికల్ లెక్క అక్కడ పనిచేయలేదన్నమాట.

ఫ్రిజ్ తలుపుకి అంటుకునే అయస్కాంతం కూడా అంతే. ఇందులో పంపకం ఉన్నా సమవిభజన లేదు. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది, పని చేయదు, ఎలక్ట్రాన్ శక్తిని మార్చదు. అందువల్ల సమతాస్థితిలో క్లాసికల్ ఎలక్ట్రాన్ల గుంపు మొత్తం అయస్కాంతత్వం కచ్చితంగా సున్నా. బోర్ 1911లో తన డాక్టరేట్ సిద్ధాంతగ్రంథంలో దీన్ని చూపించాడు, హెండ్రికా వాన్ లీవెన్ 1919లో విడిగా నిరూపించింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం అరచేతిలో పట్టేంత పెద్దది, కదలకుండా ఉంటుంది. పుస్తకాల్లోని గీత ప్రకారం అది పూర్తిగా న్యూటన్ వైపే ఉండాలి.

నా అభ్యర్థన ఒక్కటే. వస్తువు మొత్తంగా ఎటు పోతుందో చెప్పడానికి న్యూటన్ చాలు అని చెప్పండి. ఆ వస్తువు గట్టిగా ఎందుకుంది, ఎంత వేడి పట్టుకుంటుంది, ఏ రంగులో మెరుస్తుంది అంటే చాలదని కూడా అక్కడే చెప్పండి.

టర్బైన్_ఇంజినీర్:

కుర్చీ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒక మాట. మేం ఉక్కు గట్టిదనాన్ని ల్యాబ్‌లో కొలిచి ఆ అంకెను లెక్కలో వేస్తాం. ఆ తర్వాత బ్లేడు ఎలా కంపిస్తుంది, షాఫ్టు ఏ వేగం దగ్గర ఊగిపోతుంది అన్నీ న్యూటనే చెబుతాడు, సరిగ్గా చెబుతాడు. కాబట్టి ‘గాలి గామా 1.40’ అని కొలిచి తెచ్చుకుంటే మీ గొట్టం లెక్క కూడా క్లాసికలే. మొదటి ఏడాది పిల్లలకి అంతకన్నా ఎక్కువ పెడితే ఉన్నది కూడా పోతుందని నా భయం.

ఎంపీసీ_విద్యార్థిని:

సార్, మాకు గామా 1.40 అని ఇచ్చేస్తారు, ఎందుకో చెప్పరు. నాకైతే ఆ ఎందుకే కావాలి. వేడిచేస్తే గామా తగ్గుతుందన్నారు కదా, ఎంత వేడికి గాలి ఆ 9/7కి వస్తుంది?

పాత_లెక్చరర్:

మంచి ప్రశ్న వేశావమ్మా. నైట్రోజన్ అణువు కంపనానికి శక్తి విడి మెట్లుగానే అందుతుంది, మెట్టుకి 0.29 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). 30 డిగ్రీల గదిలో ఒక్కో కదలికకి దొరికే ఉష్ణశక్తి 0.026 స్థాయిలోనే ఉంటుంది, మెట్టు అంతకు పదకొండు రెట్లు. దాంతో కంపనం దాదాపు మొదలే కాదు, ఐదు వాటాలే లెక్కకొస్తాయి, 1.40 అందుకే. కంపనం పూర్తి వాటా తీసుకోవాలంటే ఉష్ణోగ్రత ఆక్సిజన్‌కి 2270 కెల్విన్లని, నైట్రోజన్‌కి 3390 కెల్విన్లని బాగా దాటాలి. కానీ మామూలు పీడనంలో 2500 కెల్విన్ల దగ్గర నుంచే ఆక్సిజన్ అణువులు విడిపోవడం మొదలవుతుంది, 4000 వచ్చేసరికి దాదాపు అన్నీ విడిపోతాయి. కాబట్టి గాలి గాలిగా ఉన్నంతకాలం 9/7 లెక్కకు పూర్తిగా రాదు.