ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దూరం 22 వేల కిలోమీటర్లు వస్తోంది, ఎక్కడ తేడా?

కోట_జంక్షన్ (విజయనగరం):
విమాన దూరాలకి ఎక్సెల్ షీటు కడుతున్నాను. అక్షాంశాల తేడా, రేఖాంశాల తేడా వర్గం చేసి కలిపి, వర్గమూలం తీసి 111తో గుణిస్తున్నా. విశాఖ (17.72 ఉత్తరం, 83.22 తూర్పు) నుంచి సింగపూర్ (1.36 ఉత్తరం, 103.99 తూర్పు) 2,935 కి.మీ. వచ్చింది, బాగానే ఉంది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 22,165! ఏటి తప్పు? దూరం నుంచి టైము ఎలా తియ్యాలి?

లెక్కల_మాస్టారు (శ్రీకాకుళం):
భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యా 20 వేల కి.మీ. దాటదు, చుట్టుకొలతే 40 వేలు కదా. అది దాటిందంటే లెక్క చూడక్కర్లేదు, తప్పే.

మీ షీట్లో తప్పులు రెండు. రేఖాంశాల తేడా 199 వచ్చింది. 180 దాటితే 360లోంచి తీసెయ్యాలి. అసలు తప్పు 111. రేఖాంశం డిగ్రీ భూమధ్యరేఖ దగ్గరే 111 కి.మీ., విశాఖ దగ్గర 106, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర 88, ధ్రువం దగ్గర సున్నా. సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే కాబట్టి తప్పు బయటపడలేదు.

ఇలా చెయ్యండి: రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధానికి, రెండు కొసైన్‌లనీ రేఖాంశాల తేడా కొసైన్‌నీ గుణించి కలపండి. విశాఖ–సింగపూర్‌కి 0.0072 + 0.8904 = 0.8976. దాని విలోమ కొసైన్ 26.15 డిగ్రీలు. 60తో గుణిస్తే 1,569 నాటికల్ మైళ్లు, మళ్లీ 1.852తో గుణిస్తే 2,906 కి.మీ. ఎక్సెల్‌కి కోణాలు రేడియన్లలో (కోణానికి డిగ్రీలు కాక ఇంకో కొలత) ఇవ్వాలి, డిగ్రీలు ఇస్తే చెత్త వస్తుంది. పశ్చిమ రేఖాంశానికి మైనస్ పెట్టండి. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 12,370 వస్తుంది. ఆ దారి ఆర్కిటిక్ మీదుగా, 75 డిగ్రీల ఉత్తరం దాటి పోతుంది.

రన్‌వే_23:
టైముకి: దూరాన్ని 830తో (గంటకి కి.మీ.లలో విమానం వేగం) భాగించి, ఎక్కడం, దిగడం, టాక్సీ (విమానం నేల మీద నడవడం) కింద అరగంట కలపండి. సింగపూర్‌కి మూడున్నర + అర = 4 గంటలు. గడియారం టైము వేరు: సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. విశాఖలో విమానం రాత్రి 11కి బయల్దేరితే దిగేసరికి అక్కడ ఉదయం 5:30. టికెట్ మీద రెండు టైములూ స్థానికమే, నేరుగా తీసేస్తే ఆరున్నర గంటలని మోసపోతారు. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లు విశాఖకి రోడ్డు మీద రెండున్నర గంటలు, విదేశీ విమానానికి మూడు గంటల ముందు హాజరు కూడా వేసుకోవాలి. గాలిలో ఉన్న టైముకన్నా అదే ఎక్కువ!

కోట_జంక్షన్:
షీటు దారిలో పడింది, థాంక్సండీ. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి లెక్కేస్తే మారుతుందా?

లెక్కల_మాస్టారు:
విశాఖ నుంచి సింగపూర్ ఆగ్నేయం, భోగాపురం ఈశాన్యం. దాదాపు లంబంగా జరుగుతున్నారు కనుక తేడా పది కి.మీ. లోపే.

రన్‌వే_23:
ఒకటి గుర్తుంచుకోండి: వచ్చిన దూరం కనిష్ఠం. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కోని పసిఫిక్ మీదుగా 15,300 కి.మీ. నడిపి పద్నాలుగున్నర గంటల్లో చేర్చింది, గంటకి వెయ్యి దాటిన సగటు. వెనకగాలి చలవ. పాకిస్థాన్ గగనతలం భారత విమానాలకి 2025 ఏప్రిల్‌లో మూతపడ్డాక ఢిల్లీ నుంచి పడమర పోయేవీ చుట్టు తిరగాల్సి వచ్చింది. సుదూర రూట్లకి 830 బదులు ఎదురుగాలికి 780, వెనకగాలికి 920 వేసి రెండు కాలమ్‌లు పెట్టుకోండి.